కేక మానుకున్న దుప్పులు

బోడకొండల అడవిలో ఎవరి జాగా వారికుంది. తూర్పు గుట్ట పెద్దపులిది. పడమటి గుట్ట రేచుకుక్కలది. రేచుకుక్కలంటే మన వీధిలో తోకాడించుకుంటూ తిరిగే కుక్కల్లాంటివి కావు, పిల్లలూ. ఎర్రటి ఒళ్ళు, నల్లటి తోక, గుంపుగా తప్ప అడుగు కదపవు. ఒక్కొక్కటీ చూడటానికి ఇంతే ఉంటుంది. అన్నీ కలిసి వస్తే మాత్రం పెద్దపులి కూడా ఆలోచించి అడుగు వేస్తుంది.

ఈ రెండు గుట్టల నడుమ ఒక పచ్చిక బయలు ఉంది. దాని మధ్యలో బండరాతిలో ఏర్పడిన నీటి దొన ఉంది. మండువేసవిలో కూడా ఆ దొన ఎండదు. అందుకే ఆ చోటుకు దొనబయలని పేరు. అక్కడ చుక్కల దుప్పులు మేసేవి. బయలు అంచున ఉన్న మద్దిచెట్ల మీద కొండముచ్చులు కాపురముండేవి.

నీళ్ళున్న చోటు, మెత్తటి గడ్డి ఉన్న చోటు, అందరి కన్నూ పడే చోటు. అలాంటి చోట బలంలేనివాళ్ళు ఉంటే వాళ్ళది అడకత్తెరలో పోకచెక్క బతుకే. అయినా దుప్పులు తరతరాలుగా అక్కడే బతికాయి. కేక వల్ల బతికాయి.

దుప్పికి కొమ్ములుంటాయి గానీ పులి ముందు అవి ఎందుకూ కొరగావు. కాళ్ళలో పరుగు ఉంటుంది గానీ రేచులు అలుపు లేకుండా తరుముతాయి. దుప్పికి ఉన్న అసలు ఆస్తి దాని గొంతు. మంద మేస్తున్నంతసేపూ ఒక దుప్పి మేత మాని తలెత్తి నిలబడుతుంది. దాన్ని కావలిదుప్పి అంటారు. గాలిలో పులి వాసన తగిలినా, పొదల్లో రేచు మెదిలినా, కావలిదుప్పి ముంగాలితో నేలను గట్టిగా తన్ని ఒక్క కేక పెడుతుంది. ఆ కేకతో మంద మొత్తం తోకలెత్తి పరుగు తీస్తుంది.

చెట్టు మీది కొండముచ్చులకు చూపు దూరం. కింద ఉన్న దుప్పులకు వాసన పట్టే ముక్కు ఉంది. ఎవరికి ముందు తెలిస్తే వాళ్ళు అరవాలి, రెండోవాళ్ళు దాన్ని అందుకుని అరవాలి. ఇది వాళ్ళ తాతల నాటి కట్టుబాటు. దీనికి ఎవరూ ఎవరికీ ప్రమాణాలు చేయలేదు.

ఆ ఏడు కావలిదుప్పి పేరు పొడలమ్మ. ఒంటి మీది చుక్కలు మిగతా దుప్పులకన్నా పెద్దవిగా ఉంటాయని ఆ పేరు పెట్టారు. కిందటి ఏడు ఆమె మొదటి పిల్లను పులి నోట కరుచుకుపోయింది. ఇప్పుడు ఆమె మళ్ళీ నిండు చూలాలు. ఈ పిల్లనైనా బతికించుకోవాలి. ఆమెకు వేరే కోరికంటూ ఏమీ లేదు.

మందకు పెద్ద వంకరకొమ్ము. అతనిది ఎడమ కొమ్ము కాస్త పక్కకు తిరిగి ఉంటుంది. మనసు మంచిదే. కాకపోతే తన తెలివి మీద తనకే బోలెడు గౌరవం. నీళ్ళు తాగేటప్పుడు కూడా దొనలో తన నీడను చూసి కాస్త తల పంకించేవాడు.

ఒకనాడు పొద్దుటే తూర్పు గుట్ట నుంచి నక్క వచ్చింది. నక్క పేరు వినగానే మీరు నవ్వుతున్నారు కదూ? నవ్వకండి. ఆనాడు ఈ నక్క ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

"పెద్దయ్యగారూ, పులిదొరవారు ఒక మాట అడిగి రమ్మన్నారు. మీకూ వారికీ ఏమైనా పగలున్నాయా?" అంది నక్క.

"అబ్బెబ్బే! ఎంతమాట!" అన్నాడు వంకరకొమ్ము.

"మరి దొరవారు గుట్ట దిగినప్పుడల్లా మీ కావలిదుప్పి అరుస్తోంది. ఆ అరుపు పడమటి గుట్టదాకా వినిపిస్తోంది. దొరవారు ఎక్కడున్నారో రేచులకు మీరే చాటింపు వేస్తున్నట్టు కాలేదూ? స్నేహితులు చేసే పనేనా ఇది?"

వంకరకొమ్ము తూర్పు గుట్ట వైపు ఒకసారి చూశాడు.

"దొరవారు కోరేది పెద్దదేమీ కాదు," అని నక్క గొంతు తగ్గించింది. "ఆయన వచ్చినప్పుడు కేక మానండి. ఆయన ఈ బయలులో మీ వాళ్ళ జోలికి రారు. దాహం తీర్చుకుంటారు, తన దారిన తాను వెళతారు. మాటంటే మాటే."

నక్క వెళ్ళాక మందంతా చేరింది. తల్లులు పొట్టల బరువుతో ఆయాసపడుతున్నారు. కాన్పుల కాలం దగ్గరపడింది. పులి జోలికి రాదంటే ఎవరికి చేదు?

పొడలమ్మ ఒక్కతే ముందుకొచ్చింది. "పెద్దయ్యా, మనకున్నదల్లా కేకే కదా. దాన్ని కూడా ఇచ్చేస్తే ఇక మనకేం మిగులుతుంది?"

వంకరకొమ్ము ఆమె పొట్టకేసి చూశాడు. "నీ పిల్ల మిగులుతుంది, అమ్మాయీ," అన్నాడు.

కిందటేటి పిల్ల పొడలమ్మ కళ్ళ ముందు మెదిలింది. ఆమె వెనక్కి వెళ్ళి మిగతా తల్లుల మధ్య నిలబడింది.

ఒప్పందం కుదిరింది. పులి వచ్చింది, నీళ్ళు తాగింది, వెళ్ళింది. కావలి చోటులో నిలబడిన పొడలమ్మ నోరు మెదపలేదు.

అడవిలో ఏ సంగతి దాగుతుంది? నాలుగు రోజులు తిరక్కుండానే రేచుకుక్కలు వచ్చాయి. రాయబారిని పంపే అలవాటు వాటికి లేదు. గుంపంతా వచ్చి దొన చుట్టూ కూర్చున్నాయి. వాటి నాయకురాలు నల్లతోక నిదానంగా నీళ్ళు తాగి, మూతి నాక్కుని, అప్పుడు మాట్లాడింది.

"పులి వస్తే నోళ్ళు మూసుకుంటారట. మేమొస్తే అరుస్తారట. అంటే మీరు పులి పక్షమన్నమాట."

"అయ్యో అక్కగారూ! మాకు అందరూ ఒకటే!" అన్నాడు వంకరకొమ్ము.

"ఒకటేనా? అయితే పులికి ఇచ్చిన మర్యాద మాకూ ఇవ్వు. మేమూ మీ వాళ్ళను ముట్టుకోం."

వంకరకొమ్ము ముఖం వెలిగిపోయింది. నిజానికి భయపడాల్సిన చోట అతనికి సంతోషం కలిగింది. వెంటనే ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం బండ ఎక్కి మందతో ఇలా అన్నాడు: "ఇద్దరికీ ఒకే మర్యాద! ఇటు పులికీ కోపం రాదు, అటు రేచులకూ కోపం రాదు. పామూ చావలేదు, కర్రా విరగలేదు. మన తాతలకు ఇంత తెలివి ఉంటే ఎన్ని ప్రాణాలు దక్కేవో!"

మంద సంతోషంగా చెవులు ఆడించింది. తాతలకు తెలివి లేకపోతే మనం పుట్టేవాళ్ళమే కాదని అనడానికి అక్కడ ఎవరికీ నోరు రాలేదు.

నిజం చెప్పొద్దూ, మొదట్లో అంతా బాగానే ఉంది. ఆ కాన్పుల్లో ఒక్క పిల్ల కూడా పోలేదు. పొడలమ్మకు ఆడపిల్ల పుట్టింది. చెవులు మరీ చిన్నవిగా ఉన్నాయని దానికి చింతాకు అని పేరు పెట్టుకుంది. అది తల్లి కాళ్ళ మధ్య నుంచి దూరి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పరుగెత్తేది. పాలు తాగుతూ తాగుతూ నిద్రపోయేది. దాన్ని చూసినప్పుడల్లా పొడలమ్మకు వంకరకొమ్ము చెప్పిందే నిజమనిపించేది.

ఆమె ఇప్పటికీ కావలిదుప్పే. చోటు అదే, నిలబడటం అదే. నోరు మాత్రం తెరవకూడదు. పులి పొదల్లోంచి వచ్చేది. ఆమె చూసేది, ఊరుకునేది. రేచులు వరసగా వచ్చేవి. ఆమె చూసేది, ఊరుకునేది. ఆ ఏడు పుట్టిన పిల్లలకు పులి అంటే నీళ్ళు తాగడానికి వచ్చే ఒక పెద్ద జంతువు, అంతే.

చెట్టు మీద మసిమూతి తాత అనే ముసలి కొండముచ్చు ఉండేవాడు. ఆ గుంపుకు అతనే పెద్ద. ఒకరోజు కింది కొమ్మ మీదికి దిగి, "ఏమమ్మా పొడలమ్మా, గొంతు పోయిందా?" అని అడిగాడు.

"పెద్దయ్య మాట, తాతా. మనకెవరితోనూ తగువు వద్దని," అంది పొడలమ్మ, నేల చూస్తూ.

"తగువు సంగతి నేనడగలేదు. పులి వస్తే చెప్పే సంగతి అడిగాను."

ఇంతలో వంకరకొమ్మే అక్కడికి వచ్చాడు. "తాతగారూ, ఒక మనవి. మీరు కూడా కాస్త గొంతు తగ్గించుకుంటే మంచిది. మీరు మా బయలు అంచున కూర్చుని అరుస్తారు, నింద మా మీద పడుతుంది."

మసిమూతి అతన్ని పైనుంచి కిందకు చూశాడు. "చెట్లు కూడా మీవేనా నాయనా?" అని పైకి ఎక్కేశాడు. కొండముచ్చులు మాత్రం కేక మానలేదు. వాటికి కనబడినంత మేర అవి అరుస్తూనే ఉన్నాయి. కానీ దొన గట్టు వెంట దట్టమైన పొదలున్నాయి. వాటిలో ఏముందో చెట్టు మీదికి కనబడదు. ఆ వాసన దుప్పులకే తెలియాలి.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం మసిమూతి కోడలు చంటిపిల్లను పొట్టకు హత్తుకుని నీళ్ళకు దిగింది. దిగేముందు పొడలమ్మకేసి చూసింది. పొడలమ్మ కదలకుండా నిలబడి ఉంది. కావలిదుప్పి నిశ్చింతగా ఉందంటే భయం లేదన్నమాటే. కొండముచ్చులకు పుట్టినప్పటి నుంచీ అదే లెక్క, దుప్పులు కేక మానినా ఆ అలవాటు పోలేదు. ఆమె దొన అంచుకు వెళ్ళి వంగింది.

అప్పుడు గాలి పొదల వైపు నుంచి వీచింది. పొడలమ్మ ముక్కుకు పులి వాసన ఘాటుగా తగిలింది. దాహానికి వచ్చిన పులి అలా నేలకు అతుక్కుని ఉండదు. ఇది వేటకు వచ్చిన పులి.

పొడలమ్మ ముంగాలు పైకి లేచింది. గొంతులోకి కేక వచ్చేసింది. వంకరకొమ్ము అవతలి నుంచి ఆమెనే చూస్తున్నాడు. వద్దన్నట్టు తల ఊపాడు. పులిదొర దుప్పుల జోలికి రానన్నాడు గానీ, కొండముచ్చుల మాట ఒప్పందంలో లేదు. ఆమె పొట్ట కింద చింతాకు కళ్ళు మూసుకుని పాలు తాగుతోంది.

పొడలమ్మ కాలు మెల్లగా కింద పెట్టింది.

ఒక్క గెంతు, ఒక్క అరుపు. దొన అంచున నీళ్ళు కాసేపు కదిలి ఊరుకున్నాయి. తల్లీ లేదు, పిల్లా లేదు.

చాలాసేపటికి మసిమూతి అన్నిటికన్నా కింది కొమ్మకు దిగాడు. అతని గొంతులో కోపం కూడా లేదు. "గాలి అటునుంచే వీచింది, అమ్మా. నీకు వాసన తగల్లేదని చెప్పు. నమ్ముతాను."

పొడలమ్మకు అబద్ధం రాలేదు, నిజమూ రాలేదు.

"పులికి ఆకలి. నీకేమొచ్చింది?" అన్నాడు ముసలివాడు.

ఆ సాయంత్రమే కొండముచ్చుల గుంపు కదిలింది. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు దూకుతూ, వెనక్కి చూడకుండా ఉత్తరపు లోయవైపు వెళ్ళిపోయాయి. మద్దిచెట్లు బోసిపోయాయి. "పోనీలే, ఇకమీద మన మీద నింద రాదు," అన్నాడు వంకరకొమ్ము. ఆ మాటకు కూడా కొందరు చెవులు ఆడించారు. పొడలమ్మకు ఆ రోజు నుంచి మేత రుచించలేదు.

వేసవి ఇంకా ముదిరింది. తూర్పు గుట్ట మీది ఊట ఇంకిపోయింది. పడమటి గుట్ట కింది వాగులో ఇసుక తేలింది. అడవి మొత్తానికి నీళ్ళంటూ మిగిలింది దొనబయలులోనే.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. అంతకుముందు కూడా పులీ రేచులూ ఆ దొనకే వచ్చేవి. కానీ ఎన్నేళ్ళు గడిచినా అక్కడ అవి ఒకదానికొకటి ఎదురుపడలేదు. పులి నీళ్ళకు దిగితే దుప్పి అరిచేది, ఆ అరుపు విని రేచులు ఆగిపోయేవి. రేచులు దిగితే దుప్పి అరిచేది, పులి దారి మళ్ళించుకునేది. దుప్పుల కేక దుప్పులనే కాదు, ఆ రెండు గుట్టలనూ విడదీసి ఉంచేది. ఈ సంగతి పులికి తట్టలేదు, రేచులకు తట్టలేదు, మహా తెలివైన వంకరకొమ్ముకూ తట్టలేదు.

ఆ రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. పులి మధ్యాహ్నమే వచ్చి మెడదాకా నీళ్ళలో మునిగి పడుకుంది. గట్టు అడ్డం వల్ల పడమటి నుంచి వచ్చేవాళ్ళకు కనబడటం లేదు. పడమటి వైపు నుంచి రేచుల గుంపు దప్పికతో నాలుకలు వేలాడేసుకుని వస్తోంది.

పొడలమ్మ రెండిటినీ చూసింది. రెండూ కనబడేది ఆమె ఒక్కదానికే. ఒక్క కేక పెడితే ఎటువాళ్ళు అటే ఆగిపోతారు. ఆమె వంకరకొమ్ము దగ్గరికి పరుగెత్తింది.

"పెద్దయ్యా, అరవనియ్యి. రెండూ దొన దగ్గర ఎదురుపడబోతున్నాయి."

"అరిస్తే పులి గురించి అరిచినట్టా, రేచుల గురించి అరిచినట్టా? ఎవరికి కోపమొచ్చినా కొంప మునుగుతుంది. అది మన తగువు కాదు, అమ్మాయీ. ఊరుకో."

ఆమె ఊరుకుంది. పాపం, ఊరుకోవడం ఆమెకు అప్పటికే అలవాటైపోయింది.

రేచులు గట్టెక్కాయి. ఎదురుగా పులి. తప్పుకోవడానికి ఎవరికీ చోటు లేదు, తగ్గడానికి ఎవరికీ మనసు లేదు. ఆ తర్వాత దొనబయలంతా అరుపులూ దుమ్మూ. పోరు దొన దగ్గర మొదలై బయలంతా పాకింది. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరుగుతాయని ఊరికే అన్నారా? ఎటు పరుగెత్తాలో తెలియక దుప్పులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రెండు పిల్లలు ఆ తొక్కిసలాటలోనే పోయాయి.

చివరికి ఇరుపక్షాలూ అలిసిపోయి విడిపోయాయి. పులి వెనక కాలు చీలి నెత్తురు కారుతోంది. రేచుల్లో కొన్ని మళ్ళీ లేవలేదు. మిగిలినవి కుంటుతూ దొనకు అటువైపు నిలబడ్డాయి. రెండువైపులా దెబ్బలే, రెండువైపులా ఆకలే. దూరం వెళ్ళి వేటాడే ఓపిక ఎవరికీ లేదు.

"రేచులు వస్తున్నాయని నాకెందుకు చెప్పలేదురా?" అని పులి గర్జించింది.

వంకరకొమ్ము ముందుకు వచ్చాడు. "దొరా, తమరే కదా కేక మానమన్నారు."

"నా గురించి అరవొద్దన్నాను. వాటి గురించి అరవొద్దని చెప్పానా?"

అవతలి నుంచి నల్లతోక పళ్ళు బయటపెట్టింది. "మా గురించి అరవొద్దన్నాం. నీళ్ళలో పులిని దాచిపెట్టమన్నామా? మొదటి నుంచీ నువ్వు దాని మనిషివే!"

"లేదు, లేదు! మేం ఇద్దరికీ స్నేహితులం! ఇద్దరినీ ఒకేలా..." అంటూ వంకరకొమ్ము ఇద్దరి మధ్యకూ వచ్చాడు. ఒప్పందం అందరికీ గుర్తుచేద్దామని అతని ఆశ. పులి పంజా అతని మెడ మీద పడింది. రేచులు వెనక కాళ్ళు పట్టుకున్నాయి. అంతసేపు కొట్టుకున్న ఆ రెండు పక్షాలకూ అతన్ని పంచుకోవడంలో మాత్రం తగువు రాలేదు.

అప్పుడు పొడలమ్మ గొంతు తెరుచుకుంది. నేల అదిరేలా ముంగాలితో తన్నింది. అన్ని నెలలుగా మింగిన కేకలన్నీ ఒక్కసారిగా బయటికి వచ్చాయి. పెద్ద దుప్పులు ఆ కేక వినగానే తోకలెత్తి పరుగు తీశాయి. కాళ్ళకు అది గుర్తుంది.

పిల్లలు మాత్రం కదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక అవి దుప్పి కేక వినలేదు. కేకను ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, పిల్లలు వింటూ వింటూ నేర్చుకుంటారు. అవి ఉన్నచోటే నిలబడి, ఇదేం చప్పుడా అని చెవులు రిక్కించాయి.

చింతాకు బయలుకు అవతలి అంచున ఉంది. తల్లి గొంతు గుర్తుపట్టింది. అమ్మ ఎప్పుడూ అంత గట్టిగా పిలవలేదు. తననే పిలుస్తోందనుకుంది. చిన్న చెవులు వెనక్కి వాల్చి, సంతోషంగా తల్లి వైపు పరుగెత్తుకొచ్చింది.

మధ్యలో రేచులున్నాయి. ఇంతకన్నా నేను చెప్పలేను.

వానలు పడ్డాయి. ఊటలు నిండాయి. పులి కుంటుకుంటూ తన గుట్టకు పోయింది, రేచులు తమ గుట్టకు పోయాయి. దుప్పుల మంద ఆ ఒక్కరోజుతోనే సగమైంది. "ఈ చోటు వదిలేసి పోదాం," అన్నారు కొందరు. ఎక్కడికి పోతారు? అడవిలో ప్రతి గుట్టకూ ఒక దొర ఉన్నాడు.

పొడలమ్మ చాలా రోజులు పిల్ల పడుకునే గడ్డి దగ్గరే నిలబడింది. తల్లులు వచ్చి మేయమని బతిమాలేవారు. ఒకనాడు ఆమె అక్కడి నుంచి కదిలి నేరుగా ఉత్తరపు లోయకు వెళ్ళింది. మసిమూతి ఒక ఎత్తైన కొమ్మ మీద కూర్చుని ఉన్నాడు.

"ఆ రోజు నాకు వాసన తగిలింది, తాతా," అంది.

"తెలుసు," అన్నాడు మసిమూతి. "నీ బిడ్డ సంగతి కూడా తెలిసింది. నాకు సంతోషం కలగలేదు, అమ్మా. కానీ మేం రాం. అక్కడ చెట్లు బాగానే ఉన్నాయి. కింద నిలబడిన మిమ్మల్ని నమ్మి నీళ్ళకు దిగలేం."

ఆమె ఇంకేమీ అడగలేదు. వెనక్కి వచ్చి కావలి చోటులో నిలబడింది.

మరునాటి నుంచి ఆమె తల్లులందరినీ పిల్లలతో సహా పిలిచి నిలబెట్టేది. పులీ లేదు, రేచూ లేదు, ఊరికే కేక పెట్టేది. మొదట్లో పిల్లలు బెదిరి తల్లుల దగ్గరికి పరుగెత్తేవి. పొడలమ్మ వాటిని మూతితో నెట్టేసేది.

"ఇది పిలుపు కాదు, నాయనలారా. ఇది విన్నప్పుడు అమ్మ దగ్గరికి రాకూడదు. అరిచిన చోటుకు ఎంత దూరం పోగలిగితే అంత దూరం పోవాలి. అమ్మ అరిచినా సరే. అమ్మ అరిస్తే ఇంకా దూరం పోవాలి."

ఆ మాట ఆమె రోజూ చెప్పేది.

పచ్చిక ఏపుగా పెరిగాక నక్క మళ్ళీ వచ్చింది. తల వంచుకుని, ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"పొడలమ్మగారూ, జరిగినదానికి దొరవారు ఎంతో విచారిస్తున్నారు. రేచులు అలా మీద పడకపోతే ఆయన అలా చేసేవారు కాదు. మళ్ళీ పాత స్నేహం నిలబెట్టుకుందాం అంటున్నారు. ఈసారి మీ కోసం తూర్పు గుట్ట అంచున మేత కూడా వదిలేస్తారట."

"దొరవారికి నా మాటగా చెప్పు," అంది పొడలమ్మ. "ఆయన వస్తే అరుస్తాం. రేచులు వస్తే అరుస్తాం. నువ్వొచ్చినా అరుస్తాం. ఎవరి మీదా పగతో కాదు, ఎవరి మీదా ప్రేమతో కాదు."

"దొరవారికి కోపం వస్తుంది."

"వస్తే రానీ. కోపంగా ఉన్న పులి నుంచి పారిపోవడం మా తాతల నాటి నుంచీ మాకు తెలుసు. స్నేహంగా ఉన్న పులి నుంచే పారిపోలేకపోయాం."

నక్క ఇంకా ఏదో తియ్యగా చెప్పబోతోంది. దాని మాటలు వింటూ రెండు మూడు తల్లిదుప్పులు మేత మరిచి దగ్గరికి వచ్చాయి. పిల్లలు వాళ్ళ వెనకే చేరాయి. అంతలో గాలి తిరిగింది. నక్క వెనక ఉన్న పొదల్లోంచి పులి వాసన పొడలమ్మకు తగిలింది.

ఆమె ఆలోచించలేదు. కాలు నేలను తన్నింది, కేక బయలంతా మోగింది. నక్క గెంతి పక్కకు దూకింది. పులి వెనక కాలు ఈడ్చుకుంటూ పొదల్లోంచి లేచి నిలబడింది. అందరి కళ్ళూ తన మీదే ఉన్నాక ఇక వేట లేదు. అది విసుగ్గా ఒక్కసారి గుర్రుమని తూర్పు గుట్ట వైపు తిరిగిపోయింది. నీళ్ళకు బయలుదేరిన రేచుల గుంపు పడమటి దారిలో ఆ కేక విని వెనక్కి మళ్ళింది.

దుప్పిపిల్లలు తోకలెత్తి పరుగెత్తాయి. ఒక్కటి కూడా ఆగి చూడలేదు. ఒక్కటి కూడా తల్లి దగ్గరికి రాలేదు. పొడలమ్మ నేర్పినట్టే, అవి ఆమెకు దూరంగా, ఇంకా దూరంగా గడ్డిలో కలిసిపోయాయి.

వాటిలో చింతాకు లేదు. పొడలమ్మ ఊపిరి పీల్చుకుని ఇంకోసారి అరిచింది.

నీతి: ఇద్దరు బలవంతుల నడుమ బతికేవాడు ఇద్దరి ముందూ నోరు మూసుకోవడం సమబుద్ధి కాదు, ఇద్దరి ముందూ ఒకేలా నోరు విప్పడమే సమబుద్ధి.